లాఖీకి తెలిసిన చెయ్యి

రోహ్‌తక్, జాట్ ధర్మశాల
నవంబరు 14, 2004

చెల్లెలు భతేరీకి,

రాం రాం. నీకు ఉత్తరం రాసి ఆరు నెలలైంది. తప్పు నాదే. ఫోను ఉంది కదా అంటావు. మీ ఇంట్లో ఫోను జగ్‌బీర్ జేబులో తిరుగుతుంది కానీ కన్నతల్లి దాకా రాదు. పైగా నాకు చెవి మందగించింది. మనిద్దరం ఉత్తరాల మనుషులమే.

రిటైరయ్యాక కాస్త కాలక్షేపం అవుతుందని ఒప్పుకున్న పని నెత్తికెక్కి కూర్చుంది. మన జాట్లలో పేరు తెచ్చుకున్నవాళ్ళ గురించి పుస్తకం వెయ్యాలని ధర్మశాల కమిటీ తీర్మానించింది. సైన్యం, కుస్తీ, చదువు, న్యాయం, పాట, సేద్యం, ఇలా రంగాల వారీగా. రాసే చాకిరీ బడిపంతులికి పడింది. అధ్యక్షులు కర్నల్ దలేల్ సింగ్ గారు. ఆయన రోజూ తొమ్మిదింటికల్లా వచ్చి, పటాలంలో హాజరు వేసినట్టు, "మాస్టర్, ఎంతమంది అయ్యారు?" అంటారు.

నూట పన్నెండు మంది అయ్యారు. బర్మా యుద్ధంలో కాలు పోగొట్టుకుని వచ్చి, ఊళ్ళో ఆడపిల్లలకి బడి కట్టించిన హవల్దారు ఉన్నాడు. నక్షత్రాల లెక్కలు కట్టే ప్రొఫెసరు ఉన్నాడు, ఆయన తల్లి ఇప్పటికీ రోజూ పిడకలు కొడుతుందట. నలభై ఊళ్ళలో వీపు నేలకి తగలని పహిల్వాను, విమానం నడిపే అమ్మాయి, రైతుకి అర్థమయ్యే భాషలో తీర్పులు రాసిన జడ్జి. వీళ్ళ గురించి రాస్తుంటే బాగానే ఉంటుంది. రాయకుండా వదిలేసినవాళ్ళ చుట్టాలతోనే తల ప్రాణం తోకకొస్తోంది. నిన్న ఒకాయన వచ్చి బల్ల గుద్దాడు. "మా గోత్రానికి నాలుగు పేర్లేనా? పక్క గోత్రానికి పదకొండా? మేమేం గాజులు తొడుక్కుని కూర్చున్నామా?" అన్నాడు. ఇంకెవరున్నారో మీరే చెప్పండి అన్నాను. కాసేపు ఆలోచించి తన పేరే చెప్పాడు.

అసలు సంగతికి వస్తాను. పశుపోషణ కింద మీ ఆయన పేరు అందరూ ఒకే మాటగా ఖాయం చేశారు. 1979 పశువుల సంతలో, పాల పోటీలో మీ గేదె లాఖీ రెండు పూటలకి ఇరవై రెండు కిలోల మూడొందల గ్రాములు ఇచ్చి మొదటి బహుమతి కొట్టడం ఇక్కడ చిన్న పెద్ద అందరికీ తెలుసు. ఉమేద్ బావ చెప్పే కథ అంతకన్నా బాగా తెలుసు. లాఖీ తన్నితే, నీ ఘాఘ్రా కట్టి, నీ ఓఢ్నీ ముసుగు లాగి, గాజులు కూడా వేసుకుని, గేదెని బురిడీ కొట్టించి పాలు పిండిన కథ. కర్నల్ గారు చెబుతూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ పూట తీసిన ఫొటో మీ దగ్గర ఉందట కదా. అది పంపు. బావ పుట్టిన ఏడు, లాఖీకి ఏం మేత పెట్టేవాడు, ఎలా సాకేవాడు, అన్నీ రాయి.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

అన్న,
రిసాల్ సింగ్


సిలారా
డిసెంబరు 2, 2004

అన్నయ్యా, రాం రాం.

ఉత్తరం అందింది, కానీ ఆలస్యంగా. కవరు మీద నువ్వు భతేరీ అని రాశావు. కొత్త పోస్టుమాన్ మూడు వీధులు తిరిగాడట. ఆ పేరుగల మనిషి ఈ ఊళ్ళో లేదని అందరూ చెప్పారు. నిజమే కదా, ఇక్కడ నేను భూరాఖేడీవాలీని. ఏ ఊరి నుంచి వచ్చిన కోడలికి ఆ ఊరే పేరు. చివరికి ఎవరో జగ్‌బీర్ తల్లి అయి ఉంటుందని ఇల్లు చూపించారు. ఇక మీద కవరు మీద జగ్‌బీర్ పేరు రాయి.

మోకాళ్ళ సంగతి అడిగావు. కూర్చుంటే లేవనివ్వవు, లేస్తే కూర్చోనివ్వవు. ఇంట్లో నాలుగు గేదెలు. ఒకటి మొన్నే ఈనింది. చెరుకు నరుకుతున్నారు, కూలీలకి రొట్టెలు చెయ్యాలి. కోడళ్ళు చేస్తారు, కానీ పక్కన నేను లేకపోతే చెయ్యరు.

నువ్వడిగినవి రాస్తున్నాను. ఆయన పుట్టిన ఏడు ఎవరికీ తెలీదు. పెద్ద వరదొచ్చిన ఏడు అని అత్తగారు అనేది. పోయింది నాలుగేళ్ళ కింద, హోళీకి ముందు. లాఖీ పడ్డగా ఉన్నప్పుడు మా ఇంటికి వచ్చింది. పత్తిగింజలు నానబెట్టి ఉడికించి, శనగపొట్టు, బెల్లం కలిపి పెట్టాలి. చలికాలం ఆవనూనె. ఈనిన తరువాత నలభై రోజులు మెంతులు. పితికే ముందు పొదుగు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, దూడని కాసేపు వదిలి, లాఖీ మెడ కింద గోకుతూ మాట్లాడాలి. ఏం మాట్లాడినా సరే, ఆగకూడదు. గొంతు తెలిసిందైతేనే, చెయ్యి తెలిసిందైతేనే అది చేపేది. లేకపోతే పొదుగు రాయిలా బిగించి నిలబడేది.

ఇవన్నీ ఆయన చేసేవాడని రాసుకో.

ఫొటో మాత్రం ఇవ్వను. ఆ కథ కూడా వెయ్యొద్దు. పెళ్ళిళ్ళలో నవ్వుకున్నారు, అక్కడితో సరి. ఎందుకని అడక్కు.

వదినకి రాం రాం చెప్పు.

చెల్లెలు


రోహ్‌తక్
జనవరి 11, 2005

చెల్లీ,

జగ్‌బీర్ వచ్చి ఫొటో ఇచ్చి వెళ్ళాడు. మీ అమ్మకి చెప్పావా అంటే నీళ్ళు నమిలాడు. ఏప్రిల్లో సర్పంచికి నిలబడుతున్నాడట కదా. ఓటు అడిగే కాగితం మీద వాళ్ళ నాన్న, లాఖీ ఇద్దరూ ఉంటారట. వాడి మీద కోప్పడకు. నీ మాట కాదని ఫొటో తీసుకున్నది నేను.

తీసుకుని భూతద్దం పెట్టి చూశాను. ఫొటో కింద ఏం రాయాలా అని చూశానే తప్ప, మరో ఉద్దేశం లేదు. ముసుగులో మొహం కనిపించదు. లాఖీ మెడ తిప్పి కళ్ళు సగం మూసి నిలబడింది. కుడిచెయ్యి పొదుగు అవతల ఉంది. ఎడంచెయ్యి ఇవతల. ఆ చిటికెన వేలు సగమే ఉంది.

ఉమేద్ బావకి పది వేళ్ళూ ఉన్నాయి, భతేరీ.

ఆ తరువాత నాకు ఒక్క అక్షరం సాగలేదు. నీకు పదకొండేళ్ళు, నాకు పద్నాలుగు. నువ్వు చొప్ప అందిస్తున్నావు, నేను మేత కోసే చక్రం తిప్పుతున్నాను. "ఆగన్నయ్యా, ఇరుక్కుంది" అన్నావు. నేను విన్నాను. విని కూడా, త్వరగా ముగించి కుస్తీ చూడ్డానికి పోవాలని ఇంకో చుట్టు తిప్పాను. నాన్న పరిగెత్తుకొస్తే ఏం చెప్పాను? "అదే అల్లరిగా చెయ్యి పెట్టింది" అన్నాను. నీ చేతికి గుడ్డ చుట్టి ఉండగానే నాన్న నిన్ను తిట్టాడు. నువ్వు నా వైపు ఒకసారి చూశావు. అంతే. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరితోనూ అనలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో పిల్లలందరికీ నిజమే చెప్పాలని ముప్పై అయిదేళ్ళు పాఠం చెప్పి పింఛను తీసుకుంటున్నాను.

ఆ రోజు సంతలో కూర్చున్నది నువ్వే. జరిగింది జరిగినట్టు రాయి. ఆ పేజీ మీద నీ పేరు ఉండాలి. నూట పన్నెండు మంది గురించి రాసినవాణ్ణి, సొంత చెల్లెలి దగ్గర తప్పు రాయలేను.

రిసాల్


సిలారా
జనవరి 30, 2005

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడు రోజులు పిండి డబ్బాలో దాచాను. నాలుగో రోజు, ఎవరి నుంచి దాస్తున్నానా అనిపించింది. అత్తగారు లేదు, మామగారు లేరు, ఆయనా లేడు.

ఔను, అది నేనే.

సంతలో మొదటి పూట, అంటే పోటీ ముందురోజు సాయంత్రం, పొదుగు ఖాళీ చేయించడానికే, లెక్కలోకి రాదు. ఆయనే కూర్చున్నాడు. లాఖీ తన్ని బకెట్ దొర్లించింది. అప్పుడు నా బట్టలు తెప్పించుకుని అందరి ముందూ కట్టుకున్నాడు. అక్కడి దాకా ఆయన కథ నిజమే. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. లాఖీ మాత్రం మోసపోలేదు. ఓఢ్నీ వాసన చూసి కాస్త మెత్తబడింది కానీ, చెయ్యి తగలగానే కాలు ఝాడించింది. పావు బకెట్ కూడా రాలేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "పరువు పోయింది. రేపు దాన్ని తోలుకొచ్చేస్తా" అన్నాడు.

"నేనొస్తా" అన్నాను.

"నీకేమైనా పిచ్చా? ముందు వరసలో మా నాన్న హుక్కా పెట్టుకుని కూర్చుంటాడు. చుట్టూ నాలుగు వేల మంది మగాళ్ళు. కోడలు మైదానంలో కూర్చుని పాలు పిండిందంటే ఆయన తలపాగా ఏం కాను?"

"కోడలెక్కడుంది? నా బట్టల్లో కూర్చునేది నువ్వే కదా" అన్నాను.

నా మొహం చూశాడు. తరువాత నవ్వాడు. ఆ నవ్వు కోసమే ముప్పై అయిదేళ్ళు ఆయనతో కాపురం చేశాననుకుంటా.

పొద్దున్నే పచ్చిమేత ట్రాలీలో, మేత కింద పడుకుని వెళ్ళాను. డేరా వెనక నేను దిగాను, నా చోట్లో ఆయన దూరాడు. ముసుగు లాక్కుని నడుస్తుంటే ఈలలు. "వచ్చిందిరో పెళ్ళికూతురు!" అని ఒకడు. "ఒరే ఉమేద్, నడక భలే కుదిరిందిరా, మీ ఆవిడ నేర్పిందా?" అని ఇంకొకడు. నేను లాఖీ మెడ కింద గోకి, దాని చెవిలో రోజూ అనే మాటలే అన్నాను. వదిన పంపిన పచ్చడి బాగుంది, జగ్‌బీర్‌కి పళ్ళు ఊడుతున్నాయి, అలాంటివే. అది చేపింది. బకెట్‌లో నురగ పైకొస్తుంటే ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

రెండు పూటల మధ్య రోజంతా టార్పాలిన్ కింద ఉన్నాను. నీళ్ళు తాగలేదు. తాగితే బయటికి వెళ్ళాల్సి వస్తుందని. సాయంత్రం తూకమయ్యాక మామగారు లేచి నా దగ్గరికి వచ్చారు. ప్రాణం పోయిందనుకున్నాను. వీపు మీద గట్టిగా చరిచి, "శభాష్‌రా కొడకా!" అన్నారు.

అప్పటికి పదమూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను. ఆయన నాతో మాట్లాడింది లేదు, నేను ఆయన ఎదుట ముసుగు తీసింది లేదు. ఈ జన్మలో నన్నెవరైనా శభాష్ అన్నది ఆ ఒక్కసారే. అదీ నన్ననుకుని కాదు.

తరువాత ప్రతి పెళ్ళిలో ఆయన ఆ కథ చెప్పడం, నేను లోపల రొట్టెలు కాలుస్తూ వినడం. మొదట్లో సరదాగానే ఉండేది. చెబుతూ చెబుతూ నా వైపు తిరిగి కన్ను గీటేవాడు. కొన్నేళ్ళకి ఆ కన్ను గీటడం మానేశాడు. ఆఖరి రోజుల్లో, మంచాన పడ్డాక, ఒకసారి నాతోనే అన్నాడు, "ఆ రోజు లాఖీ నా చేతికి ఎలా చేపిందో నువ్వు చూడలేదు కదా" అని. నాకు ఒళ్ళు మండింది అన్నయ్యా. ఆయనకి ముద్ద పెడుతున్న చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను. ఏం చెయ్యను? అలిసిపోయాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి కదా.

పేరు వద్దు. పోయినవాణ్ణి నలుగురి చేత అబద్ధాలకోరు అనిపించలేను. ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క పూట పస్తుంచలేదు. కొడుకు ఎన్నికలు కూడా ఉన్నాయి. ఆ వెకిలి కథ మాత్రం తీసెయ్యి. ఫొటో వేస్తే, ఎడంచెయ్యి కనపడేలా వెయ్యి. నాకు అంతే చాలు.

వేలు సంగతి నువ్వు మోసుకు తిరగకు. తొమ్మిదిన్నర వేళ్ళకే లాఖీ అన్ని పాలిచ్చింది. పదీ ఉంటే బకెట్ చాలేది కాదు.

భతేరీ


రోహ్‌తక్
మార్చి 9, 2005

చెల్లీ,

నువ్వు అడిగినట్టు ఎడంచెయ్యి బాగా కనపడేలా ఫొటో పెద్దది చేయించమని స్టూడియోలో ఇచ్చాను. పోయిన వారం ప్రెస్సు నుంచి పేజీలు వచ్చాయి. చిటికెన వేలు పూర్తిగా ఉంది. గోరుతో సహా.

స్టూడియోకి వెళ్ళాను. అతను మంచివాడే. ఎంతో ముచ్చటపడుతూ చెప్పాడు. "మాస్టర్‌జీ, పాత ఫొటో కదా, వేలు తెగిపోయినట్టు వచ్చింది. కంప్యూటర్‌లో పూర్తి చేశాను. తేడా కనిపెట్టండి చూద్దాం!" కనిపెట్టలేకపోయాను. నలభై అయిదేళ్ళుగా నేను అతికించలేక చస్తున్న వేలిని అతను టీ తాగుతూ అతికించాడు. నాకు ఏడుపొచ్చింది. అతను కంగారుపడి నాకూ టీ చెప్పాడు.

తిరిగొచ్చి కర్నల్ గారితో ఆ పేజీ మళ్ళీ వెయ్యాలన్నాను.

"ఇరవయ్యో తారీఖున మంత్రిగారు వస్తున్నారు. ఒక వేలి కోసం పుస్తకం ఆపుతావా మాస్టర్?"

"ఆపుతాను. లేదంటే అట్ట మీద నా పేరు కొట్టెయ్యండి. నూట పన్నెండు మంది గురించీ మేమే రాశామని చెప్పుకోండి."

"నీకేం పుట్టిందయ్యా ఇవాళ?"

చెప్పేశాను. నువ్వు వద్దన్నావు, అయినా ఆయన ఒక్కడికీ చెప్పాను. ముందు చక్రం సంగతి, ఆ తరువాతే సంత సంగతి. చక్రం తిప్పింది నేనని నోటితో అన్నది నా బతుకులో అదే మొదలు. ఆయన తలపాగా తీసి బల్ల మీద పెట్టారు. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు ఉన్నాయి, పాపం.

"మా అమ్మ పేరు నాకు తెలీదు మాస్టర్" అన్నారు. "సైన్యంలో చేరినప్పుడు తండ్రి పేరే అడిగారు. అమ్మని అందరూ ఊరి పేరుతోనే పిలిచేవారు. నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు."

ఆ తరువాత తలపాగా పెట్టుకుని మళ్ళీ కర్నల్ అయిపోయారు. "వేలు ఎలా ఉందో అలాగే ఉండాలి. కథ తీసెయ్. పేరు మాత్రం నన్నడక్కు. ఉమేద్ గోత్రం వాళ్ళు వచ్చి నా బల్ల విరగ్గొడతారు."

రెండు రోజులు ప్రెస్సులో ముక్కాలిపీట మీద కూర్చుని ఆ పేజీ నా కళ్ళ ముందు మళ్ళీ వేయించాను. వేలు ఉంది. సగమే ఉంది. కింద మాత్రం "శ్రీ ఉమేద్ సింగ్, సిలారా, తన గేదె లాఖీతో" అని ఉంది. నీ పేరు లేదు. నాకు సిగ్గుగా ఉంది, భతేరీ. నువ్వే వద్దన్నావు కదా అని సర్దిచెప్పుకుందామంటే మనసు ఒప్పడం లేదు. నువ్వు వద్దనడం నాకు సుఖమైంది, ఆ రోజు నాన్న ముందు నువ్వు నోరెత్తకపోవడం సుఖమైనట్టే.

పుస్తకం పార్సిల్లో పంపుతున్నాను. నేను ఇక ఏ పుస్తకమూ రాయను.

రిసాల్


సిలారా
ఏప్రిల్ 17, 2005

అన్నయ్యా, రాం రాం.

పుస్తకం చేరింది. జగ్‌బీర్ ఓడిపోయాడు. లాఖీ బొమ్మకి ఓట్లు రాలవని తెలిసొచ్చింది. రెండు రోజులు ముసుగు తన్ని పడుకుని, మూడో రోజు గోధుమ కోతకి వెళ్ళాడు. మంచిదే.

మొన్న మధ్యాహ్నం మా వీధి ఆడవాళ్ళు నలుగురు మా చావిడిలో గోధుమలు చెరుగుతున్నారు. మనవరాలు అంజూ నీ పుస్తకం చదివి వినిపిస్తోంది. నక్షత్రాల ప్రొఫెసరు దగ్గర ఎవరూ వినలేదు. వాళ్ళమ్మ పిడకలు కొడుతుందని రాగానే, "ఇంకోసారి చదువే" అన్నారు. పేజీలు తిప్పుతుంటే ఫొటో వచ్చింది. "మీ ఆయనే!" అని నవ్వులు మొదలయ్యాయి. ఆ కథ పుస్తకంలో లేకపోయినా వాళ్ళకి నోటికి వచ్చు కదా.

పక్కింటి గఢీవాలీ నీకు గుర్తుండే ఉంటుంది, ఎవరినీ ఒక పట్టాన నమ్మదు. పుస్తకం లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తరువాత చాట పట్టుకున్న నా ఎడంచెయ్యి చూసింది. మళ్ళీ పుస్తకం చూసింది. నేను చాట దించలేదు. దించి చెయ్యి కొంగులో పెట్టుకోవచ్చు, పెట్టుకోలేదు.

పుస్తకం పక్కదానికి ఇచ్చింది. అది చూసి ఇంకొకదానికి ఇచ్చింది. నలుగురి చేతులూ తిరిగింది. నవ్వులు ఎప్పుడు ఆగాయో కూడా తెలీదు.

అప్పుడు గఢీవాలీ అంది, "ముప్పై తొమ్మిదేళ్ళుగా గోడకి అవతల ఉన్నాను. నీ పేరేంటే?"

మూడో ఆడపిల్ల పుట్టింది, ఇక చాలమ్మా తల్లీ అని పెట్టిన పేరు. దాన్ని ఎవరైనా కావాలని అడుగుతారని ఎప్పుడూ అనుకోలేదు. "భతేరీ" అన్నాను.

"శభాష్, భతేరీ" అంది. వీపు మీద చరిచింది. దాని చెయ్యి మామగారి చేతికన్నా బరువు.

నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. అది నా పక్కనే కూర్చుని, "నాది చమేలీ, తెలుసా?" అంది. తెలీదు, నాకెలా తెలుస్తుంది? తరువాత మిగతావాళ్ళు కూడా చెప్పారు. ఒకావిడ సిగ్గుపడి అంజూ చెవిలో చెప్పింది. ఆ సాయంత్రం గోధుమలు సగమే చెరిగాం, కోడలు విసుక్కుంది.

వాళ్ళ పేర్లు కింద రాస్తున్నాను. నువ్వు ఇంకే పుస్తకమూ రాయనన్నావు, వద్దులే, నీ దగ్గర ఉంచు చాలు. ఇవి కూడా కర్నల్ గారికి ఒకసారి చదివి వినిపించు. వాళ్ళమ్మది ఏ ఊరో కనుక్కో. ఆ ఊరి ముసలివాళ్ళకి పేరు తెలిసే ఉంటుంది, ఆలస్యం చెయ్యకు.

గఢీవాలీ పేరు చమేలీ. ధానీవాలీ పేరు ఫూల్‌పతీ. ఖాండావాలీ పేరు సర్తీ. చెవిలో చెప్పినావిడ నారావాలీ, ఆవిడ పేరు మామ్‌కౌర్.

ఇక మీద కవరు మీద జగ్‌బీర్ పేరు వద్దు, నా పేరే రాయి. పోస్టుమాన్ వీధిలో ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు.

భతేరీ